సముద్రం ఆవలి అవ్వకు ఒక ముద్ద

ఖమీస్ ముషైత్ నుంచి నా తమ్ముడు మస్తాన్ పెట్టె వచ్చి మూడు వారాలైంది. నా గదిలో కిటికీ కింద పెట్టించాను. ఐదు పూటలా నమాజుకు చాప పరిచేది దాని పక్కనే కాబట్టి, సలాం చెప్పి తల తిప్పినప్పుడల్లా కళ్ళకు అదే ఆనుతుంది. నీలంరంగు రెక్సిన్ పెట్టె. ఒక చక్రం ఊడిపోయింది. ముప్పై ఏళ్ళు ఆ కొండల్లో నీళ్ళ ట్యాంకరు తోలిన మనిషి వెనక మిగిలింది ఇంతే. వాడు పోయినట్టు పొద్దున తెలిసింది, మధ్యాహ్నం జొహర్ నమాజయ్యాక మట్టి చేశారు. నేనుండే జుబైల్ ఇటు సముద్రం ఒడ్డున, వాడుండింది అటు చివర. బస్సుకు పోతే ఒక పగలూ రాత్రీ పడుతుంది. ఊళ్ళో వాళ్ళు మాత్రం “అక్కా తమ్ముడు ఒక్క దేశంలోనే ఉండారు, అదృష్టవంతులు” అనేవాళ్ళు. అదృష్టమే, కాదనను. నేను నా కొడుకు రఫీ దగ్గరికి వచ్చిన ఈ నాలుగేళ్ళలో రెండుసార్లు వాణ్ణి చూసుకున్నాను. ఉమ్రాకు పోయినప్పుడు మక్కాలో ఒకసారి, ఈ ఇంట్లోనే ఒక పండగకు ఇంకోసారి. ఆ రెండుసార్లు చూపించినందుకు అల్లాకు షుక్రు.

పెట్టె తెచ్చింది సాయిలు. మస్తాన్ గదిలోనే ఉండిన నిజామాబాద్ వైపు అబ్బాయి, ఇక్కడి ఫ్యాక్టరీలో షట్‌డౌన్ పనికి వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు, బూట్లకు నూనె ఉందని గడప బయటే నిలబడ్డాడు.

“ఏమనుకోకుర్రి అమ్మా, పది దినాలు నా కాడనే ఉంచుకున్న. ఎట్లయిన జుబైల్ వస్తనే ఉన్న గద, నా చేత్తోని ఇద్దామని. అన్న మీ ముచ్చటే చెప్పెటోడు.”

“ఏం చెప్పేవాడు నాయనా?”

“మా అక్క కాపీ బాగ చేస్తది, కోపం గూడ బాగ చేస్తది అనెటోడు.” నవ్వబోయి ఆపుకున్నాడు. “ఇంకోటున్నదమ్మా. పెట్టెల ఒక కాగితమున్నది, పాస్‌పోర్టుతోని కలిపి కవర్ల పెట్టిండు. జరమొస్తె అది దిండు కింద పెట్టుకొని పండెటోడు. ఏందన్నా ఇది అంటె, మా ఇంటి మందురా అనెటోడు. మందైతె తాగరాదె అన్న ఒకపారి. ‘నా వంతు మా అక్క ఎప్పుడో తాపింది. మిగిలింది వేరేటోళ్ళది’ అన్నడు. నాకైతె సమజ్ గాలె.”

నాకు అర్థమైంది. ఆ కాగితం పోయిందనీ, నా వల్లే పోయిందనీ నేను నమ్మబట్టి నలభై ఏళ్ళు దాటింది.

మా ఊరు కడప సీమలో, పెన్న ఒడ్డున. మాది దూదేకుల వాళ్ళ ఇల్లు. మా నాయన విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పరుపులకూ దిండ్లకూ దూది ఏకేవాడు. ఇంట్లో ఉన్న రోజు పొద్దుటి నుంచే ఆ విల్లు తాడు మోగేది, బొయ్యిఁ, బొయ్యిఁ అని. దూది నురుగు ఇంటి ముందరి పసారంతా లేచి, అన్నం మీద, నీళ్ళ మీద, నాయన్ను కన్న మా జేజి కనుబొమల మీద వాలేది. మా అమ్మ మస్తాన్‌ను కని పోయింది. అప్పుడు నాకు ఏడేళ్ళు. చంటివాణ్ణి చూసుకోవడానికి మనిషి కావాలి గనక నేను బడికి పోలేదు. చదువు ఇంట్లోనే, జేజి దగ్గర. ఏకిన దూది పలచగా పరిచి దాని మీద వేలితో అక్షరం రాయించేది. తప్పు రాస్తే ఊదేది, అక్షరం ఎగిరిపోయేది. “చూడు మే, తప్పు ఎంత తేలికో” అనేది. తెలుగు అట్లా వచ్చింది నాకు. ఖురాన్ చదవడం మగ్రిబ్ తర్వాత, దీపం పెట్టాక. ఒళ్ళో తమ్ముడు, ఎదురుగా పుస్తకం. వాడు నిద్రలోకి జారేది నా సూరాలు వింటూనే. బడి లేదని నేను బాధపడింది లేదు. అంత మంచి బడి ఊళ్ళో ఎవరికీ లేదు.

మా ఇంటి వెనక మూడు పెద్ద తొట్లుండేవి, రాతితో కట్టినవి, మనిషి నిలబడితే తల మాత్రం కనిపించేంత లోతు. మేకల మేత దాచేది అందులోనే. వాన పడితే ఒక తొట్టి మూలన ఇంకా నీలిచార కనిపించేది. కుంపిణీ కాలంలో అవి నీలిమందు తొట్లు. వాటిని కట్టించింది ఇంగ్లీషు దేశం నుంచి వచ్చిన ఒక దొర. ఊరంతా ఆయన్ను నీలిదొర అనేది. ఆయనే మా మూలపురుషుడు. ఆయన కథ జేజి ఎన్నిసార్లు చెప్పినా ఒకే మాటలతో చెప్పేది, ఒక్క మాట మారినా ఆ మనిషికి నొప్పి తగులుతుందేమో అన్నట్టు.

“మీసాలు రాని వయసులో వచ్చినాడంట బిడ్డా. వచ్చిన కాణ్ణించీ రైతుల మీద పడి నీలి పండించమనె. వరి పోయె, జొన్న పోయె. ఆయప్ప చేతిలో మన ఊరు ఏడ్చింది, అది దాచాల్సిన పనిలేదు. తర్వాత నీలికి బేరం పోయె. తక్కిన దొరలు గుర్రాలెక్కి పోయినారు. ఈయప్పకు చలిజరం. మోసుకుపోయేదానికి మనిషి ల్యా. మా ముత్తవ్వ పీరమ్మ, అప్పుడామెకు ఇరవై కూడా లేవు, పరుపు కుట్టేదానికి పోయి చూసింది. ఎవరిని ఏడిపించినాడో వాళ్ళే గంజి పోసినారు. లేచినాక నికా చేసుకున్నాడు, అబ్దుల్లా అని పేరు పెట్టుకున్నాడు. ఇంగ యాడికీ పోలా. తోలు బొబ్బలెక్కేదాకా విల్లు పట్టి దూది ఏకినాడు. ఆయప్ప ఏకిన దూదిలో గింజలుండేటివంట. అందరూ నవ్వేవాళ్ళు.”

“వాళ్ళ అమ్మ కాడికి పోలేదా జేజీ?” అని ప్రతిసారీ అడిగేదాన్ని.

“పోలా. రాయనూ ల్యా. ఏ మొగం పెట్టుకొని రాస్తాడు?” అని జేజి ప్రతిసారీ అక్కడ ఆగేది.

గురువారం సాయంత్రం మా ఇంట్లో ఫాతెహా. పసారలో ఊదు వేసి, రొట్టెలు చిదిమి బెల్లమూ నెయ్యీ కలిపి మలీద ముద్దలు చేసేది జేజి. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. కాలిన రొట్టె అంచు, కొత్త బెల్లం, దాని కింద సన్నగా దూది వాసన. చేతులు పైకెత్తి పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటీ చెప్పేది, మా అమ్మ నుంచి మొదలుపెట్టి వెనక్కి, పీరమ్మ దాకా, అబ్దుల్లా దొర దాకా. అక్కడ ఆగేది. “ఆయన్ను కన్నతల్లి” అని మెల్లిగా అనేది. పేరు తెలియదు గదా. “పేరు లేకుండా పిలిస్తే ఎవరికి చేరుతుందో ఏమో బిడ్డా. అల్లాకు తెలుసులే.” అప్పుడు ఒక ముద్ద ఆకులో పెట్టి గడప మీద ఉంచేది, సముద్రం ఆవలి అవ్వకని. ఆ సాయంత్రం మా గడపకు మొదట వచ్చిన మనిషికి అది ఇవ్వాలి. గాజులమ్మే ఆమె, దారి తప్పిన గొర్రెలకాపరి, అప్పడిగే పక్కింటామె, ఎవరైనా సరే. ఎవరో ఒకరు రాని గురువారం నాకు గుర్తు లేదు.

ఇక ఆ కాగితం. దొర తలగడలో దొరికిందంటారు. నాలుగు మడతల కాగితం, గుడ్డలా మెత్తన, మీద గోధుమరంగు గీతలు. మా ఇంట్లో ఇంగ్లీషు ఒక్క ముక్క వచ్చిన మనిషి ఏ తరంలోనూ లేడు. దొర దాన్ని చచ్చేదాకా తలగడలో పెట్టుకున్నాడని పీరమ్మ చెప్పిందట. అంత భద్రంగా దాచుకున్నాడంటే దువా, అంటే ప్రార్థన రాసిన కాగితమే అయ్యుంటుందని పెద్దవాళ్ళు అనుకున్నారు. జబ్బు చేసినవాళ్ళకు కుంకుమపువ్వు సిరాతో ఖురాన్ ఆయత్ రాసి, కడిగి, ఆ నీళ్ళు తాపడం మా వైపు ఉన్నదే. దీన్నీ అట్లాగే వాడారు. కాన్పు కష్టమైనా, బిడ్డకు జరం దిగకపోయినా, కాళ్ళూ చేతులూ కడిగి వజూ చేసుకున్న పెద్దామె ఒకతే ఆ కాగితం పై మూల, కుడివైపు, గోరంత ముంచాలి. మూడు గుటకలు తాపాలి. ఎప్పుడూ ఆ మూలే. మా జేజి నాటికే ఆ మూల తెల్లగా పాలిపోయి ఉండేది.

మస్తాన్‌కు మూడేళ్ళు. నాయన ఊర్ల మీద పోయాడు. పక్కూళ్ళో ఎవరో పోతే జేజి పొద్దున్నే వెళ్ళింది. మధ్యాహ్నానికి వాడి ఒళ్ళు పొయ్యిలా ఉంది. పిల్లికళ్ళు వాడివి, దొర నుంచి దిగినవి. అవి పైకి తిరిగిపోయాయి. తడిగుడ్డ వేశాను. పక్కింటి తలుపు కొట్టాను, అందరూ కలుపుకు పోయారు. పదేళ్ళ పిల్లను, నేనేం చేస్తాను? వజూ చేసుకుని కాగితం తీశాను. గోరంత ముంచితే గోరంత నయమవుతుందేమో అనిపించింది. మడత విప్పకుండా, కింది సగం మొత్తం, ఇత్తడి బొచ్చెలో ముంచి పట్టుకున్నాను. నీళ్ళు టీరంగుకు తిరిగాయి. మూడు గుటకలు కాదు, బొచ్చె ఖాళీ అయ్యేదాకా వాడి నోట్లో పోశాను. వాడు కక్కి, ఏడ్చి, చెమట పట్టి, పొద్దు వాలేసరికి “అక్కా, రొట్టె” అన్నాడు.

జేజి వచ్చేసరికి కాగితం దిండు గలేబుల పక్కన తీగ మీద ఆరుతోంది. దెబ్బలు పడతాయని గోడకానుకుని నిలబడ్డాను. ఆమె దాన్ని చూసింది, నన్ను చూసింది, రొట్టె నములుతున్న వాణ్ణి చూసింది.

“అంతా తాపినావా మే?”

“అంతా తాపినా జేజీ.”

“పోనీలే. బిడ్డ ఉండాడు గదా.” అంతే అంది. కానీ కాగితం చేత్తో పట్టుకుని దీపం పెట్టే వేళ దాకా అట్లాగే కూర్చుంది. ఆ గురువారం గడప మీద ఆమె రెండు ముద్దలు పెట్టింది. రెండోది నా తప్పుకేమో అనుకున్నాను.

జేజి పోయాక ఆ కాగితం కనిపించలేదు. జేజి పెట్టె ఎన్నిసార్లు వెతికానో. నానిన కాగితం గనక పొడై ఉంటుందనీ, ఊడ్చి పారబోసి ఉంటామనీ అనుకున్నాను. మస్తాన్‌ను అడిగితే “ఏమో అక్కా” అనేవాడు, మొహం పక్కకు తిప్పుకుని. జేజి పోయిన నాడే వాడు తీసి దాచుకుని, ఈ దేశం వస్తూ వెంట తెచ్చుకున్నాడన్నమాట. ఇక్కడ వాణ్ణి అందరూ షామీ అరబ్బు అనుకునేవాళ్ళట, ఆ కళ్ళు చూసి. “అఖామా కార్డు చూసినాకనే నమ్ముతారక్కా నేను హిందుస్తానీవాణ్ణని. దొర నాకిచ్చిపోయిన ఆస్తి ఈ కళ్ళే, వాటికి అద్దె కూడా రాదు” అని ఫోనులో నవ్వేవాడు. అంత మాట్లాడినవాడు కాగితం సంగతి చెప్పలేదు. నా చేతికి వస్తే ఎవరికో తాపేస్తానని భయమేమో. లేదా నాకు గుర్తు చేయడం ఇష్టం లేకనో.

ఇక్కడ మా ఇంట్లో పొద్దున ఆరున్నరకు రఫీ డ్యూటీకి పోతాడు. కోడలు బడిలో టీచరు, మనవరాలు సనాను తీసుకుని ఏడుకు పోతుంది. వాళ్ళు మంచివాళ్ళు, నాకు ఏ లోటూ చేయరు. తలుపు మూసుకున్నాక ఏసీ చప్పుడు ఒకటే మిగులుతుంది. దానికి విల్లుతాడు మోతకున్న హెచ్చుతగ్గులు లేవు. అద్దాల కిటికీలోంచి చూస్తే ఎదుట ఇంకో అద్దాల కిటికీ, దానికి ఎప్పుడూ తెర. నాలుగేళ్ళలో మా తలుపు తట్టినవాళ్ళను వేళ్ళ మీద చెప్పగలను. గురువారం ముద్దలు ఇక్కడా చేస్తాను. మతంలో ఈ పద్ధతి లేదని చెప్పేవాళ్ళున్నారు, వాళ్ళు చదువుకున్నవాళ్ళు, నేను వాదించను. నాకు రొట్టె చిదమడం వచ్చు, పేర్లు చెప్పడం వచ్చు. గడప మీద పెట్టిన ముద్ద మాత్రం తెల్లారిదాకా అట్లాగే ఉంటుంది. నేనే తీసుకుపోయి కింద కాపలా కాసే హారిస్‌కు ఇస్తాను. పాపం, ఆ ముసలాయన పంచదార పడదన్నా తీసుకుంటాడు.

కాగితం వచ్చిన వారం దాకా ఎవరికీ చూపించలేదు. సనా తొమ్మిదో తరగతి, ఇంగ్లీషు నీళ్ళలా చదువుతుంది. మా ఇంటి ఇన్ని తరాల్లో ఆ కాగితాన్ని చదవగలిగిన మొదటి మనిషి నా పక్క మంచం మీదే పడుకుంటోంది. అయినా నాకు ధైర్యం చాల్లేదు. చదివితే, నేను కడిగేసింది ఏమిటో తెలిసిపోతుంది. చివరికి ఒక శుక్రవారం, అన్నాలయ్యాక, విప్పి దాని ముందు పెట్టాను.

సనా ఫోనుతో ఫొటో తీసి, వేళ్ళతో పెద్దది చేసి, నలుపు తెలుపు మార్చి, చాలాసేపు కళ్ళు చిట్లించి చూసింది.

“జేజీ, ఇది దువా కాదు. లెటర్. ‘మై డియర్ సన్’ అని ఉంది.”

సోఫాలో ఉన్న రఫీ లేచి వచ్చాడు. “అంటే అమ్మా, మీరంతా ఇన్నేళ్ళు ఉత్తరం తాగినారా?” అని పకపకా నవ్వి, నా మొహం చూసి ఆపాడు.

“చదువు పాపా” అన్నాను.

“పైన ఊరి పేరు, డేట్ ఉండాల్సింది, ఈ కార్నర్‌లో. మొత్తం పోయింది. మధ్యలో ఉన్నాయి కొన్ని. ‘నీ నుంచి ఒక్కటీ రాలేదు’… ‘నీ చెల్లి నిన్ను అడుగుతుంది’… తర్వాత, ఆపిల్స్ అనుకుంటా జేజీ, ‘ఈసారి చెట్టు బాగా కాసింది, గడ్డిలో పెట్టి ఉంచాను’… ‘నీ వంతు తీసిపెట్టాను’. కింద అంతా వాష్ అయిపోయింది. ఆగు. మడత లోపల ఒక లైన్ ఉంది. ‘ఇది అందిందని ఒక్క మాట రాయి’. దాని కింద ‘నీ తల్లి’.”

“పేరు?”

“ఇక్కడే ఉండాలి, ‘నీ తల్లి’ పక్కన.” వేళ్ళతో ఇంకా పెద్దది చేసింది. తెర మీద మాసిన తెలుపు తప్ప ఏమీ లేదు, చివర ఒక అక్షరం తోక, కిందికి సాగిన గీత. “లేదు జేజీ. సారీ.”

జేజి ఎన్ని గురువారాలు ఆ పేరు కోసం ఆగిందో. అది ఆమె చేతుల్లోనే ఉండేది, దువాగా మడిచిపెట్టి. ఊరి పేరు మా పెద్దవాళ్ళు గోరంత గోరంతగా తాగారు. తల్లి పేరు ఒక మధ్యాహ్నం నా తమ్ముడు తాగాడు. అది వాడితోనే ఖమీస్ ముషైత్ మట్టిలోకి పోయింది. రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. సనా రెండుసార్లు వచ్చి “నా వల్లే బాధపడ్డావా?” అని అడిగింది. కాదని చెప్పాను. మూడో రోజు నమాజులో తల ఆనించినప్పుడు జేజి మాట తట్టింది, బిడ్డ ఉండాడు గదా అన్నది. ఉన్నాడు. పెళ్ళి చేసుకున్నాడు, నలుగురు పిల్లల్ని సాకాడు, నీళ్ళు లేని కొండల మీదికి ముప్పై ఏళ్ళు నీళ్ళు మోశాడు. ఆ తల్లి ఒక కొడుకు ఎట్లున్నాడో తెలియక సిరా ఖర్చు పెట్టింది. ఆ సిరా ఇంకో తల్లిలేని పిల్లవాడి ఒంట్లోకి పోయింది. దాన్ని నష్టమనడానికి నాకు నోరు రావడం లేదు.

మొన్న గురువారం ముద్దలు చేశాను. గడప మీద ఎదురుచూస్తూ కూర్చోకుండా ఈసారి సాయిలుకు ఫోను చేయించాను. డ్యూటీ దిగి, స్నానం చేసి, తల దువ్వుకుని వచ్చాడు. “ఏం ముచ్చటమ్మా, పండుగనా?” అని అడిగాడు. పండగ కాదు, ఒక అవ్వ వంతు ఉంది, తినిపొమ్మన్నాను. ఈసారి బూట్లు విప్పి లోపలికి వచ్చాడు. చేతులెత్తి పేర్లు చెప్పాను. మొదట, వాడు పోయాక ఇన్ని గురువారాలూ నోటికి రాని మస్తాన్ పేరు. అక్కణ్ణుంచి వెనక్కి, నాయన, అమ్మ, జేజి, పీరమ్మ, అబ్దుల్లా దొర. ఆ తర్వాత జేజి ఆగినచోటే ఆగాను. ఇన్నాళ్ళూ ఆ సముద్రం ఆవలి అవ్వకు ముద్ద పెట్టాం. ఆమె అడిగింది ముద్ద కాదు, ఒక్క మాట.

అందింది తల్లీ. ఆలస్యమైంది. చదవడం రాక తాగాము, కానీ అందింది.

సాయిలు ముద్ద తిని, వేలికంటిన బెల్లం నాకి, “ఇంకొకటున్నదా అమ్మా?” అన్నాడు.